పైపు తీసిన రోజు

కిడ్నీ మార్చాక ఆసుపత్రిలో నాకు అన్నిటికంటే నచ్చింది మంచినీళ్లు. డయాలసిస్ నడిచినన్నాళ్లూ నీళ్లు కొలుచుకుని తాగేదాన్ని. మాత్ర వేసుకోవాలన్నా ముందు గ్లాసు వంక చూసి ఆలోచించాలి. ఎండాకాలం నోరు పిడచకట్టుకుపోతే ఒక ఐసుముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా ఎవరు పలకరించినా తల ఊపి ఊరుకునేదాన్ని. మాట్లాడకుండా తప్పించుకోవడానికి అదొక మంచి సాకు కూడా. ఆపరేషన్ అయ్యాకేమో సిస్టర్ వచ్చినప్పుడల్లా బాటిల్ ఎత్తి చూసి, "ఏందమ్మా, గట్లనే ఉన్నయ్ నీళ్లు? తాగుతవా, నన్ను తాపమంటవా?" అని కోప్పడేది. నీళ్లు తాగనందుకు తిట్లు తినడంలో ఇంత సుఖముంటుందని నాకు తెలీదు. ఒక్కోసారి కావాలనే కాసేపు తాగకుండా ఉండి తిట్టించుకునేదాన్ని.

కిడ్నీ అమ్మది. ఆమెను ఒక అంతస్తు కింద ఉంచారు. నన్ను పైన, అద్దం తలుపున్న గదిలో, బయటి గాలి తగలకుండా ఉంచారు. ఆపరేషన్ అయ్యాక మేమిద్దరం ఒకరినొకరం చూసుకోలేదు, ఫోన్‌లో మాట్లాడుకోవడమే. నాకు తోడుగా నాన్న ఒక్కడినే రానిచ్చేవారు. ఆకుపచ్చ గౌను, మాస్కు, చెవుల మీదికి దిగిన టోపీ వేసుకుని తలుపు పక్కన కుర్చీలో కూర్చునేవాడు. నాన్న పొడుగరి. గౌను మోకాళ్ల దగ్గరే ఆగిపోయేది. పరీక్ష హాల్లో కాపలా కాస్తున్న మాస్టారిలా, ఏమీ చేయకుండా, చాలా శ్రద్ధగా కూర్చునేవాడు.

పుస్తకాలు మాత్రం లోపలికి రానివ్వలేదు. పాత కాగితాల దుమ్ము నాకు పడదట. డైరీ అయినా కావాలని అడిగితే, నాన్న కొత్తది కొనుక్కొచ్చి, ప్లాస్టిక్ కవరు చింపి, అట్టను శానిటైజర్‌తో తుడిచి తుడిచి ఇచ్చాడు. అది ఇప్పటికీ మందుల వాసనే వేస్తుంది.

మా తాతల కాలంలో బాపట్ల వైపు నుంచి సికింద్రాబాద్ వచ్చాం. ఇప్పుడు ఇల్లు యాప్రాల్‌లో ఉన్నా, చర్చి మాత్రం పాతదే, మోండా మార్కెట్‌కి దగ్గర్లో. ఆ చర్చిలో ఎవరికైనా జబ్బు చేస్తే గొలుసు ప్రార్థన పెడతారు. పగలంతా అరగంటకొక కుటుంబం చొప్పున వంతులు పంచుకుంటారు. తమ వంతు రాగానే ఇంట్లో మోకరించి ప్రార్థన చేసి, అది కాగానే తర్వాతి ఇంటికి ఫోన్ చేసి అప్పజెబుతారు. నా కోసం పెట్టిన గొలుసుని నడిపింది అమ్మే. తన పొట్ట మీద కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే మంచం మీద నుంచి వంతులు వేసింది. ప్రార్థనకు విషయం స్పష్టంగా ఉండాలని అమ్మ పట్టు. 'ఆరోగ్యం కోసం' అంటే ఆమెకు చాలదు. ఏ అవయవం, ఏం ఇబ్బంది, ఎప్పటిలోగా తీరాలి, అన్నీ విడమర్చి చెప్పాలి. ఒకటో తరగతి టీచర్ మరి.

ఆ విషయాలన్నీ చర్చి వాట్సాప్ గ్రూపులో రాసే పని నాన్నది. ఇంట్లో అందరిలాగే మాట్లాడే మనిషి, చర్చి గ్రూపులో రాయడానికి కూర్చుంటే మాత్రం వేరే తెలుగు వస్తుంది. ఆపరేషన్ అయిన మర్నాడు ఇలా రాశాడు: 'దేవుని కృపను బట్టి మా కుమార్తె యొక్క నూతన మూత్రపిండము నిన్నటి దినమంతయు ధారాళముగా పనిచేసినది. బకెట్టు నిండినది. ప్రార్థించిన వారందరికిని వందనములు.'

కింద వరసగా ఆమెన్‌లు. చేతులు జోడించిన బొమ్మలు. మా కాయిర్‌లో బేస్ పాడే ఒకబ్బాయి ఉన్నాడు. ఆదివారం పాటల్లో ఇన్నాళ్లు కలిసి పాడినా, నేను తలెత్తి అతని ముఖం సరిగ్గా చూసింది లేదు. అతను చప్పట్ల బొమ్మ పెట్టాడు. ఒకటి కాదు, వరసగా.

నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

"బకెట్టు అని ఎందుకు రాశావు నాన్నా?"

"మరేమని రాయను తల్లీ? నిజంగానే నిండింది కదా. నేను చూశాను."

అతని కళ్లు మాస్కు పైన మెరుస్తున్నాయి. నాన్నా నేనూ జీవితంలో ఎప్పుడూ ఇలాంటి సంగతులు మాట్లాడుకోలేదు. ఆసుపత్రి వాళ్లు దాన్ని 'అవుట్‌పుట్' అంటారు కాబట్టి బతికిపోయాను. మేమిద్దరం ఆ మాటనే పట్టుకుని, వర్షం గురించి మాట్లాడుకున్నంత మర్యాదగా మాట్లాడుకునేవాళ్లం.

అయితే అంతవరకూ అందులో నేను చేసిందేమీ లేదు. లోపల ఒక పైపు వేశారు. అది మంచానికి వేలాడే సంచీలోకి వెళ్తుంది. నేను నిద్రపోతున్నా, నీళ్లు తాగుతున్నా, డైరీ రాసుకుంటున్నా సంచీ దాని పాటికి అది నిండుతుంది. సిస్టర్ వచ్చి కొలిచి బకెట్టులో పోస్తుంది, నాన్న సంతోషిస్తాడు, గ్రూపులో ఆమెన్‌లు పడతాయి.

ఒకరోజు పొద్దున పెద్ద డాక్టరుగారు వచ్చి నా కాగితాలు చూసి, "బాగుంది. ఇవాళ పైపు తీసేద్దాం," అన్నారు.

నాకు చాలా సంతోషమేసింది. ఆ తర్వాత ఆయన చెప్పినది విన్నాక కొంచెం తగ్గింది.

"సాయంత్రం నేను వచ్చేలోపు మీ అంతట మీరే ఒంటికి వెళ్లాలమ్మా. లేకపోతే మళ్లీ పైపు వేయాలి. అది ఎన్నాళ్లుంటే ఇన్‌ఫెక్షన్ భయం అంత ఎక్కువ. ఇంకో మాట. నిండా ఆపుకోకూడదు. కొత్త కిడ్నీ గొట్టాన్ని బ్లాడర్‌కి, అంటే మూత్రాశయానికి, అతికించిన చోట కుట్టు ఇంకా లేత. బ్లాడర్ నిండి బిగిస్తే అక్కడ లాగుతుంది, కారితే మళ్లీ థియేటర్‌కే వెళ్లాలి."

ఆయన వెళ్లాక సిస్టర్ పైపు తీసేసింది. ఆమెది కరీంనగర్ దగ్గరి ఊరు. పని ఎంత వేగమో మాటా అంత వేగం. "అయిపోయింది. ఇగ నువ్వు ఫ్రీ. నీళ్లు తాగు, నడువు, వచ్చినట్లనిపిస్తే పిలువు. బాత్రూమ్ గొళ్లెం పెట్టకు, కళ్లు తిరిగితే నేను లోపలికి రావాలె. జగ్గుల పట్టాలె, కొలవాలె. అంతే, ఏం లేదు."

అంతే, ఏం లేదు. నేను కూడా అలాగే అనుకున్నాను.

కాసేపటికి పొట్ట కింద ఏదో చిన్న బరువు తెలిసింది. చాలా కాలానికి వచ్చిన చుట్టంలా అనిపించింది. డయాలసిస్ మొదలైన కొన్నాళ్లకే నాకు అది పూర్తిగా ఆగిపోయింది. అప్పటినుంచి ఇంటి బాత్రూమ్ నాకు స్నానాల గది మాత్రమే. సెలైన్ స్టాండు పట్టుకుని సిస్టర్ వెంట నడిచి వెళ్లి కూర్చున్నాను. తలుపు దగ్గరగా వేశారు. బయట సిస్టర్, ఆమెకు నాలుగడుగుల అవతల కుర్చీలో నాన్న.

ఎలా వెళ్లాలో నాకు గుర్తు రాలేదు.

నవ్వులాటగా చెప్పడం లేదు. ఏ కండరాన్ని వదలాలి, ఏది బిగించాలి, శరీరంలో ఆ మీట ఎక్కడుందో తోచలేదు. నేను చాలా నవలలు చదివాను. ఎవరికీ చెప్పను గానీ, మంచం కింద అట్టపెట్టెల నిండా అవే. వాటిలో ఆడవాళ్లు ఏడుస్తారు, జ్వరపడతారు, రైలెక్కి వెళ్లిపోతారు, కిటికీ దగ్గర నిలబడి గంటలకొద్దీ ఆలోచిస్తారు. ఒక్కరూ బాత్రూమ్‌కి వెళ్లరు. ఆ గోడవంక చూస్తూ ఎంత వెతుక్కున్నా, అక్కరకొచ్చే పేజీ ఒక్కటీ గుర్తురాలేదు.

"వచ్చిందా?" అంది సిస్టర్.

"లేదు సిస్టర్."

"వస్తది. పరేషాన్ గాకు. నేనీడనే ఉన్న."

ఆమె ఈడనే ఉండటమే నా పరేషాన్ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ తలుపు రేకు తలుపు. బయట నాన్న కుర్చీ కిర్రుమన్నా నాకు వినిపిస్తోంది. నాకు వాళ్లు వినిపిస్తున్నారంటే నేనూ వాళ్లకు వినిపిస్తాను. ఇంక ఆ ఆలోచన వదల్లేదు.

లేచి వచ్చేశాను. నీళ్లు తాగి, నడిచి, మళ్లీ వెళ్లాను. ఈసారి సిస్టర్ ఒక ఉపాయం చేసింది. "నీళ్ల సప్పుడింటే వస్తది," అని కుళాయి తిప్పడానికి లోపలికొచ్చింది. అది నొక్కి వదిలితే కొద్దిసేపటికి దానంతటదే ఆగిపోయే రకం కుళాయి. కాబట్టి ఆమె అక్కడే నిలబడి ఆగినప్పుడల్లా నొక్కాల్సి వచ్చింది. ఆమె కుళాయి నొక్కుతూ నా వైపు చూడకుండా పైకప్పు వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఇద్దరం అలా కాసేపు ఉండి, ఒకేసారి నవ్వేశాం.

"గిట్ల సిగ్గుపడితే ఎట్లమ్మా? నేను దినాం చూసేదే కదా ఇది."

"మీకు సరే సిస్టర్. నాకు అలవాటు లేదు."

"అలవాటు లేదంట! ఇది సుత నేర్పాల్నా?" అని నవ్వుకుంటూ బయటికెళ్లింది.

అప్పుడే నాన్న ఫోన్ మోగింది. టోపీ చెవుల మీద ఉండటంతో నాన్న ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే పెడతాడు. అవతల రాంగోపాల్‌పేట్ ఆంటీ. మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద ఆవిడ. మైకు లేకుండా వెనక బెంచీ దాకా వినిపించే గొంతు.

"మా వంతు ప్రార్థన అయిపోయింది బ్రదర్. వచ్చిందా?"

"ఇంకా లేదండి. లోపలే ఉంది. కూర్చుంది."

"ఎంతసేపైంది కూర్చుని?"

"ఇది రెండోసారండి."

"అయ్యో! సరే, తర్వాతి వాళ్లకి గట్టిగా చెయ్యమని చెబుతాను."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. అమ్మ పొద్దున్నే ఈ సంగతి కూడా గొలుసులో పెట్టేసింది. ఏ అవయవం, ఏం ఇబ్బంది, ఎప్పటిలోగా తీరాలి. అరగంటకొక కుటుంబం నా కోసం మోకరించి, లేచి, ఫలితం కనుక్కోవడానికి నాన్నకి ఫోన్ చేస్తోంది. 'వచ్చిందా బ్రదర్?' 'ఇంకా లేదండి.' తలుపవతల ఆ సంభాషణ మధ్యాహ్నం దాకా నడుస్తూనే ఉంది. ప్రతి ఫోనుకీ నేను కొంచెం కొంచెంగా బిగుసుకుపోయాను.

భోజనాల వేళ అమ్మే ఫోన్ చేసింది. ఆ రోజే ఆమెను ఇంటికి పంపిస్తున్నారు.

"దానికివ్వండి ఫోను. ఏమే, ఆ కిడ్నీ ఇన్నేళ్లు నా దగ్గరుంది. ఒక్క పూట నాగా పెట్టలేదు. నీ దగ్గరికొచ్చి వారం తిరగలేదు, అప్పుడే సిగ్గు నేర్చుకుందా?"

"కిడ్నీ పనిచేస్తోందమ్మా. నేనే..."

"మా స్కూల్లో ఇంటర్వెల్ గంట కొడితే పిల్లలందరూ ఒకేసారి పరిగెత్తుతారు. ఎవడైనా సిగ్గుపడ్డాడా?"

"అమ్మా, స్పీకర్‌లో ఉంది."

"ఉండనీ. విను, నువ్వు వెళ్లావని వినందే నేను ఇంటికెళ్లను. బట్టలు మార్చుకుని మంచం మీద కూర్చున్నాను. వీళ్లు ఇంకో పేషెంట్‌కి ఈ మంచం కావాలంటున్నారు. నేను కదలనన్నాను."

మా అమ్మ కదలనంటే కదలదు. ఆ వచ్చే పేషెంట్‌ని తలుచుకుని నాకు జాలేసింది.

మధ్యాహ్నం దాటింది. పొట్ట కింది బరువు ఇప్పుడు చుట్టంలా లేదు, రాయిలా ఉంది. కూర్చుంటే నొప్పి, నిలబడితే నొప్పి. సిస్టర్ చేత్తో నొక్కి చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"నిండింది. ఇగ ఎక్కువసేపు ఆగొద్దు. డాక్టర్‌కు ఫోన్ చేస్తా, పైపు తయారు పెడతా. ఒక్కసారి మళ్ల పోయి చూడు."

అంతవరకూ నాకు సిగ్గే తప్ప భయం లేదు. ఆ మాటతో భయం పట్టుకుంది. కొత్త కుట్టు లోపల ఎక్కడో లాగుతోందేమోనని పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాను. అది నాదైతే ఏమోగానీ, అమ్మది. కోయించుకుని ఇచ్చింది. ఇచ్చేముందు ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. దాన్ని నేను ఒక తలుపుకి సిగ్గుపడి పాడు చేసుకుంటానా?

మళ్లీ వెళ్లి కూర్చున్నాను. ఈలోగా నాన్న ఆ సంగతి అమ్మకి చెప్పినట్టున్నాడు. అమ్మ వంతుల పద్ధతి పక్కన పెట్టి, దొరికిన వాళ్లందరినీ ఒకేసారి గ్రూప్ కాల్‌లోకి లాగింది. తలుపవతల నాన్న చేతిలో ఫోను. అందులో ఎన్ని గొంతులో. యాప్రాల్‌లో మా పక్కింటివాళ్లు, రాంగోపాల్‌పేట్ ఆంటీ, కాయిర్ వాళ్లు, మా పాస్టర్‌గారు. ఆయన్ని మేమందరం అయ్యగారనే అంటాం. ఎవరి మాటా ఎవరికీ వినపడకపోతే అయ్యగారు అందరినీ ఆపారు.

"ప్రియులారా, బిడ్డకిప్పుడు ప్రశాంతత కావాలి. ఎవరూ మాట్లాడవద్దు. మనమందరం ఏకమనసుతో మౌన ప్రార్థన చేద్దాం."

అందరూ మౌనం వహించారు.

అంతటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. సిస్టర్ చెప్పుల చప్పుడు ఆగింది. నాన్న కుర్చీ కిర్రుమనడం ఆపింది. ఎవరింట్లోనో కుక్కర్ ఒక కూత మొదలుపెడితే, గబగబా వెళ్లి దాన్ని కూడా ఆపేశారు. సికింద్రాబాద్ నాలుగు మూలలా ఉన్న మా వాళ్లందరూ కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, నేను చేయబోయే ఒకే ఒక్క శబ్దం కోసం చెవులు రిక్కించుకుని ఉన్నట్టు అనిపించింది.

ఇంక లాభం లేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి, అక్కడ చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే.

"నాన్నా!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"వచ్చిందా తల్లీ?" అన్నాడు నాన్న. వెంటనే ఫోన్లో అన్ని ఇళ్ల నుంచీ "వచ్చిందా? వచ్చిందా?" అన్నారు.

"లేదు. పాడమను."

"ఏంటి?"

"అందరినీ పాట పాడమను నాన్నా. గట్టిగా."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అందరికంటే ముందు అమ్మే తేరుకుంది. "నాకర్థమైంది! దానికి చప్పుడు కావాలి. అయ్యగారూ, ఆ మౌనం ఆపించెయ్యండి!"

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "మంచిది. ఏ కీర్తన పాడదామమ్మా?"

"ఏదైనా సరే అయ్యగారూ. పొడుగుది."

"మొదటి చరణం, చివరి చరణం పాడుకుందామా?" ఆలస్యమైనప్పుడు చర్చిలో ఆయన ఎప్పుడూ అనే మాట అది. అలవాటు కొద్దీ అనేశారు.

"వద్దండీ," అన్నాను తలుపు లోపలి నుంచి. "అన్నీ పాడండి."

రాంగోపాల్‌పేట్ ఆంటీ అందుకుంది. ఆవిడ ఎప్పుడూ అందనంత పై శ్రుతిలోనే ఎత్తుకుంటుంది. ఆ రోజు ఇంకా పైన ఎత్తుకుంది. మిగతావాళ్లు వెంటపడ్డారు. ఫోన్‌లో ఒక్కో ఇంటి గొంతూ ఒక్కో వేళకి వస్తుంది కాబట్టి ఒకరు పల్లవిలో ఉంటే ఒకరు ఇంకా దాని మొదటి మాట దగ్గరే ఉన్నారు. ఎవరో గంజిర కూడా తీశారు. కింద అమ్మ, తలుపవతల నాన్న. నాన్నది చిన్న గొంతు, ఆదివారం పక్కన నిలబడితేనే వినిపిస్తుంది. ఇప్పుడు అతను కూడా అరుస్తున్నాడు. సిస్టర్‌కి ఆ పాట రాదు. అయినా తలుపు మీద వేళ్లతో తాళం వేస్తోంది. ఎవరి శ్రుతి ఎవరికీ కలవలేదు. ఆ గోలలో ఏనుగు ఘీంకరించినా ఎవరికీ వినపడదు.

నా భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. మొదట మంటగా రెండు చుక్కలు. తర్వాత సన్నగా. ఆ తర్వాత, ఇంక నేనేమీ చేయనక్కర్లేకుండానే, రాయి కరిగిపోయినట్టు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ కూడా ఎవరికీ వినపడలేదు.

జగ్గు తీసుకుని తలుపు తోశాను. సిస్టర్ అందుకుని వెలుతురులోకి ఎత్తి గీతలు చూసింది. "అబ్బో, మస్తుగ వచ్చింది!" అని నాన్న ముఖం ముందు పెట్టింది. నాన్న పాట ఆపలేదు. పాడుతూనే తల ఊపాడు. అతని మాస్కు తడిసిపోయింది.

"చెప్పు నాన్నా వాళ్లకి. ఇంక చాలని చెప్పు."

"చరణం పూర్తి కానివ్వు తల్లీ. మధ్యలో ఎలా ఆపుతాం?"

చరణం అయింది. నాన్న నోరు తెరిచేలోపే ఆంటీ తర్వాతి చరణం అందుకుంది. నాన్న మళ్లీ వినయంగా కలిశాడు. సిస్టర్ గోడకి ఆనుకుని నవ్వుతోంది. డాక్టర్‌కి ఫోన్ చేసి, పైపు అక్కర్లేదని చెప్పింది. "ఏమిటా గోల?" అని ఆయన అడిగితే, "పేషెంట్ చుట్టాలు సార్," అంది.

నేను మంచం దాకా వచ్చి బాటిల్ ఎత్తి నీళ్లు తాగాను. రెండు గుక్కలయ్యాయో లేదో, మళ్లీ వచ్చినట్టనిపించింది. ఇన్నాళ్లు ఖాళీగా ఉండి నా బ్లాడర్ ముడుచుకుపోయిందట. కొన్నాళ్లు ఇలాగే ఉంటుందని డాక్టరుగారు ముందే చెప్పారు. సిస్టర్‌ని జగ్గు ఇమ్మని అడిగి నేనే నడిచి వెళ్లాను.

నేను లోపలుండగా పాట అయిపోయింది. బయట అమ్మ గొంతు ఒక్కటే వినిపించింది.

"ఏవండీ, వచ్చిందా లేదా? ఇంకెన్ని పాడాలి మేము? ఇక్కడ నాకు కుట్లు లాగుతున్నాయి!"

"వచ్చింది," అన్నాడు నాన్న. "మళ్లీ వెళ్లింది."

ఈసారి అంతా నిశ్శబ్దంగానే ఉంది. అందరూ ఫోన్లోనే ఉన్నారు. నాకు ఏమీ అనిపించలేదు, నా పని నేను చేసుకున్నాను.

"అయితే సరే," అంది అమ్మ. "నా చెప్పులు ఎక్కడ పెట్టారో చెప్పండి. నేను ఇంటికెళ్తాను."